భ్రమరాంబ గారి మూడు వంటిళ్లు

నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. కూర్మన్నపాలెం జంక్షన్‌లో జెరాక్స్ షాపు పక్క మెట్లెక్కితే నా గది. ముప్పై ఏళ్లుగా గీసిన ప్లాన్లలో సగం అబద్ధాలని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. జనం ఒక రకంగా బతుకుతుంటే రూలు ఇంకో రకంగా రాసి పెడతారు. మధ్యలో పెన్సిలు పట్టుకున్నవాడు ఏం చేస్తాడు? వంటగది గీసి దాని మీద 'స్టోర్ రూమ్' అని రాస్తాడు. నేనూ అదే రాసేవాణ్ని.

మా దగ్గర సాగరదర్శన్ నగర్ అని ఒక కాలనీ ఉంది. పేరు చూసి మోసపోకండి, మేడ మీది వాటర్ ట్యాంకు ఎక్కినా అక్కణ్నుంచి సముద్రం కనపడదు. స్టీల్ ప్లాంటు ఉద్యోగాలకి వచ్చినవాళ్లు కొనుక్కున్న ప్లాట్లవి. లేఅవుటు వేసినప్పుడే ఒక షరతు పెట్టారు. ప్లాటుకి ఒక ఇల్లు, ఇంటికి ఒక కుటుంబం. మరి కుటుంబం ఒకటో రెండో తేల్చడం ఎలా? మనుషుల్ని లెక్కపెడితే లాభం లేదు, ఎవర్ని అడిగినా చుట్టాలమే అంటారు. అందుకని వంటిళ్లు లెక్కపెట్టేవారు. అన్నదమ్ములు మొహమొహాలు చూసుకోకపోయినా పొయ్యి ఒకటైతే ఒకే కుటుంబం. ప్రాణానికి ప్రాణంగా ఉన్నా పొయ్యిలు రెండైతే రెండు కుటుంబాలు, రెండోది నేరం.

ఆ కాలనీలో మూడో వీధి, నలభై ఒకటో ప్లాటు భ్రమరాంబ గారిది. కోనసీమలో రాజోలు దగ్గర ఊరు ఆవిడది. భర్త చలమయ్య గారికి ప్లాంటులో రోలింగ్ మిల్లులో ఉద్యోగం రావడంతో ఇక్కడికొచ్చారు. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. కూతురు ఇంద్రజ పెందుర్తిలో కాపురం, ఆదివారం వచ్చి ఆదివారమే వెళ్లిపోతుంది. ఆవిడ మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వెళ్తుంది. మా మాట ఆవిడకి బాగానే అంటుకుంది గానీ కోపం వచ్చినా సంతోషం వచ్చినా గోదావరి బయటపడిపోతుంది. ఆవిడలో ఒక జబ్బుంది. ఖాళీ గది కనిపిస్తే చూడలేరు. కుళాయి కట్టకుండా వదిలేసినట్టు బాధపడతారు.

ఇరవై రెండేళ్ల కిందట ఆ ఇంటి పై గదులకి తలుపులు బిగించడానికి దావూద్ అనే వడ్రంగి వచ్చాడు. ఇక్కడే పాతపట్నం పేట వాళ్లు, తాతల నాటి నుంచీ పెట్టెలూ తలుపులూ చేసే కుటుంబం. మధ్యాహ్నం మజ్జిగ తాగుతూ, ముగ్గురు తమ్ముళ్ల సంసారాలతో రెండు గదుల్లో ఎలా సర్దుకుంటున్నాడో చెప్పాడు. భ్రమరాంబ గారు పైకి చూశారు.

"తలుపులు నువ్వే బిగించావు కదయ్యా. లోపల కూడా నువ్వే ఉండు" అన్నారు.

వారం తిరక్కుండా దావూద్ భార్య జమాలున్నీసా సామానుతో దిగింది. పైన ఒక మూల కడప బండతో వంటగట్టు కట్టారు. దాని ప్లాను గీసింది నేనే. 'చదువుకునే గది' అని రాశాను. జమాలున్నీసా ఆ గదిలో దాల్చా చదివింది, ఖీమా చదివింది. ఏడాది గడవకముందే కాలనీలో ఎవరో అర్జీ పెట్టారు. మున్సిపాలిటీ నుంచి నలుగురు మనుషులు సుత్తులు పట్టుకుని వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

భ్రమరాంబ గారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఉడికే అన్నం మీద సుత్తి వేస్తారా బాబూ? వార్చేదాకా ఆగండి. తర్వాత మీ ఇష్టమండి."

ఆగారు. అన్నం వార్చాక ఆవిడ ఆ నలుగురికీ వడ్డించారు కూడా. తిన్నాక గట్టు పగలగొట్టారు. తిన్నవాళ్లు కాబట్టి కాస్త మెల్లగా పగలగొట్టారని ఇప్పటికీ చెబుతారావిడ.

సామాను కట్టుకుంటామన్నాడు దావూద్. భ్రమరాంబ గారు వినలేదు. "నువ్వు వడ్రంగివా, కాదా? కనపడని వంటిల్లు ఒకటి చెయ్యి" అన్నారు. దావూద్ పన్నెండు రోజులు కూర్చుని ఒక అల్మారా చేశాడు. నేను చూసిన వడ్రంగిపనిలో అంతటిది లేదు. మూసి ఉంటే రెండు తలుపుల బట్టల అల్మారా, ఒక తలుపుకి నిలువుటద్దం. తెరిస్తే లోపల నడుమెత్తున బండ, దాని మీద రెండు పొయ్యిల స్టౌ, కింద సిలిండరు, చుట్టూ రేకు, పైన పొగ పోవడానికి గొట్టం. ఒక పక్క పోపుల డబ్బాకి సరిగ్గా సరిపోయే గూడు.

ఆ తర్వాత ఆరేళ్లకి నూకాలు వచ్చింది. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటకి చేపలు కొని, బుట్ట ఆటోలో వేసుకొచ్చి మా వీధుల్లో అమ్మేది. ఉంటున్న ఇల్లు రోడ్డు వెడల్పు చేయడంలో పోయింది. భ్రమరాంబ గారి పెరట్లో షెడ్డు ఉంటే, సామాను నాలుగు రోజులు పెట్టుకుంటానంది. సామానుతో పాటు మనిషీ ఉండిపోయింది. ఆమె వంటిల్లు ఇంకా చిత్రం. బట్టలు ఉతుక్కునే సిమెంటు తొట్టిలో స్టౌ దించేసి, చెక్కమూత వేసి, పైన తడిబట్టలు కుప్ప పోస్తే బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు.

ఇక కాపలా భ్రమరాంబ గారిది. చలమయ్య గారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్లాంటుకి తొక్కిన సైకిలు తుప్పు పట్టిపోతే, దాని గంట ఒక్కటీ విప్పి వీధి కిటికీ ఊచకి బిగించారు. ఆ కిటికీ దగ్గరే ఆవిడ మంచం. వీధి మొగలో ఫైలు పట్టుకున్న మనిషి కనిపిస్తే గంట మూడుసార్లు మోగేది. పైన జమాలున్నీసా గ్యాసు కట్టేసి గిన్నెతో వెనక మెట్లు దిగేది. దావూద్ ఇంట్లో ఉంటే అల్మారా మూసి అద్దం మీద తువ్వాలు వేసేవాడు. పెరట్లో నూకాలు స్టౌ తొట్టిలోకి దించి, పులుసు దాక పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చేది. మూడు గిన్నెలూ భ్రమరాంబ గారి గట్టు మీద చేరేవి. మిగతా వాసనల సంగతి ఆవిడ వేసే సాంబ్రాణి చూసుకునేది.

అడిగినవాళ్లకి ఆవిడ చెప్పే మాట ఒక్కటే. "ఒకటే వంటిల్లండి. అందరం ఒకటే కుటుంబం."

నిజానికి నూటికి తొంభైసార్లు వచ్చింది కొరియరు మనిషో ఇన్సూరెన్సు ఏజెంటో అని తేలేది. నెలకి రెండుమూడుసార్లు ఇలా జరిగేది. ఎలాగూ గిన్నెలన్నీ ఒకచోట చేరాయి కాబట్టి అక్కడే కూర్చుని తినేసేవారు. ఆ భోజనాలకి నేనూ చాలాసార్లు తగిలాను. మా గోదావరి పులస ముందు మీ వంజరం ఎంత అని భ్రమరాంబ గారు మొదలుపెట్టేవారు.

"మీ పులస ఏడాదికొకపాలి వచ్చే సుట్టం పిన్నీ. మా వంజరం ఇంట్లో మనిసి" అనేది నూకాలు.

జమాలున్నీసా ఏ పక్షమూ తీసుకోకుండా రెండూ తినేది. ఆమెకున్న బెంగల్లా ఒకటే, పోపు వాసన బయటికి పోకుండా వంట చేసినంతసేపూ కిటికీ మూసి ఉంచడం. వేసవిలో కూడా.

ఈ ఏడాది రూలు మారింది. ఊళ్లో ఇళ్లు చాలడం లేదని పైవాళ్లకి ఎట్టకేలకు తెలిసొచ్చింది. మా కాలనీలాంటి చోట్ల కూడా ఇకమీదట ఒక ప్లాటులో నాలుగు కుటుంబాల దాకా ఉండొచ్చన్నారు. ఇప్పటికే అలా ఉంటున్నవాళ్లు గడువులోగా దరఖాస్తు పెట్టుకుంటే, తనిఖీ చేసి వంటింటికో ఇంటి నంబరు, వేరే కరెంటు మీటరు ఇస్తారు. తనిఖీలో తేలని వంటిళ్లు మాత్రం పాత షరతు కిందికే వస్తాయి, వాటిని తీసెయ్యాలి. ఆ కాగితం చేతికి అందగానే నేను బండి తీసి నలభై ఒకటో ప్లాటుకి పరిగెత్తాను.

భ్రమరాంబ గారు రెండుసార్లు చదివించుకున్నారు. మూడోసారి పైవాళ్లనీ పెరటివాళ్లనీ పిలిచి చదివించారు.

"అంటే మా జమాలు కిటికీ తీసుకుని పోపు పెట్టుకోవచ్చాండి?"

"వీధంతా తుమ్మేలాగ పెట్టుకోవచ్చు" అన్నాను.

జమాలున్నీసా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నూకాలుకి నమ్మకం కుదరలేదు. "నిజంగానేటి? రేపు మళ్లీ మారిపోద్దేటి?" అని నన్నే నిలదీసింది, రూలు రాసింది నేనైనట్టు.

దరఖాస్తు నేనే నింపాను. ప్లాను కొత్తగా గీశాను. పై గదిలో 'వంటగది' అని రాస్తుంటే ముప్పై ఏళ్ల అలవాటు అడ్డుపడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. బుధవారం తనిఖీకి వస్తామని ఫోనొచ్చింది. ఇక ఆ ఇంట్లో పెళ్లి హడావుడి మొదలైంది. జమాలున్నీసా రెండు రోజులు సోడా వేసి అల్మారా లోపలంతా తోమింది. దావూద్ పాత రేకు పీకేసి తళతళలాడే కొత్త రేకు కొట్టాడు. నూకాలు తొట్టికి సున్నం వేసింది. మూడు స్టౌలకీ బొట్లు, బంతిపూలు.

బుధవారం పొద్దుట్నుంచీ అందరం ఎదురుచూశాం. పదకొండైంది, పన్నెండైంది, ఎవరూ రాలేదు. రెండింటికి నేను పనుందని వచ్చేశాను. అది నా తప్పు. నేనుంటే ఇంత జరిగేది కాదు. నేనుండగా జరిగి ఉంటే సిగ్గుతో చచ్చేవాణ్నేమో, అది వేరే సంగతి.

నాలుగింటికి వచ్చింది వార్డు ప్లానింగ్ సెక్రటరీ యశస్విని. పాతికేళ్ల పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది, స్కూటీ మీద పెందుర్తి నుంచి తిరుగుతుంది. అప్పటికి భ్రమరాంబ గారు కిటికీ పక్క మంచం మీద కునుకు తీస్తున్నారు. స్కూటీ చప్పుడుకి కళ్లు తెరిచారు. కనిపించింది ఒక్కటే, చంకలో ఫైలు.

చెయ్యి దానంతట అదే గంట మీదకి పోయింది. మూడుసార్లు.

పైన అల్మారా మూసుకుంది. అద్దం మీదకి తువ్వాలు వచ్చింది. తొట్టి మీదకి బట్టలు వచ్చాయి. అవి పొడిగా ఉన్నాయని నూకాలు రెండు చెంబుల నీళ్లు పోసి మరీ తడిపింది. యశస్విని చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి.

"నమస్తే ఆంటీ. ఎన్ని వంటగదులున్నాయి?"

"ఒకటేనమ్మా. అందరం ఒకటే కుటుంబం."

ఆ మాట పూర్తయ్యాక, గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ జమాలున్నీసా మొహం చూశారు భ్రమరాంబ గారు. అప్పుడు తెలివొచ్చింది. "అయ్య బాబోయ్! కాదమ్మా, మూడు! మూడు వంటిళ్లు!"

తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ముగ్గురూ కలిసి ఆ పిల్లని పైకి తీసుకెళ్లారు, పెరట్లోకి తీసుకెళ్లారు. అల్మారా తెరిచి చూపిస్తే లోపల కొత్త రేకు మెరుస్తోంది, నూనె మరక ఒక్కటి లేదు. తొట్టికి సున్నం ఇంకా ఆరలేదు. స్టౌలకి పూలు.

"ఈ వారంలో పదకొండు ఇళ్లు చూశానాంటీ" అంది యశస్విని. కోపంగా కాదు, అలిసిపోయి. "ఆరు ఇళ్లల్లో పక్కింటి స్టౌలు తెచ్చి పెట్టారు. నాలుగు కుటుంబాలని చూపిస్తే పైన ఇంకో అంతస్తుకి పర్మిషన్ వస్తుందని. బీరువాలో వంటంటే నేనెలా నమ్మను? మీరే ఒకటన్నారు కదా."

ఒకటని రాసుకుని వెళ్లిపోయింది. అభ్యంతరముంటే అర్జీ పెట్టుకోవచ్చు, పది రోజుల్లో చెప్పకుండా వచ్చి రెండోసారి చూస్తామంది. అప్పుడూ ఒకటే అని తేలితే పై వంటిల్లూ పెరటి వంటిల్లూ తీసెయ్యాలి. అంటే దావూద్ వాళ్లూ నూకాలూ ఖాళీ చెయ్యాలి.

నేను ఆరింటికి వెళ్లేసరికి భ్రమరాంబ గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ గొంతు అంత తగ్గడం నేనెప్పుడూ వినలేదు. చలమయ్య గారు పోయినప్పుడు కూడా.

"ఇరవై రెండేళ్లు ఎవరెవరొచ్చినా కాపాడుకున్నానండి. ఇప్పుడు నా నోటితో నేనే వెళ్లగొట్టేశాను" అన్నారు.

"నీ నోరొకటేనా అక్కా? గంట ఇనగానే నాను తలుపులు మూసీసాను కదా. నాకు మాత్రం బుర్రుందేటి?" అన్నాడు దావూద్.

"నాను బట్టలు తడిపినాను పిన్నీ! పొడి బట్టలు! నీళ్లోసి!" అంది నూకాలు. ఆ మాటకి జమాలున్నీసా ఫక్కున నవ్వింది. ఆమె వెనకే అందరూ నవ్వారు, భ్రమరాంబ గారు తప్ప.

సాక్ష్యం కోసం వెతికాం. ఎక్కడా ఏమీ దొరకలేదు. మీటరు ఒకటి. గ్యాసు బుక్కులన్నీ భ్రమరాంబ గారి పేరనో ఇంద్రజ పేరనో ఉన్నాయి. ఇరవయ్యేళ్లు పైబడిన మసీ, జిడ్డూ ఉన్న పాత రేకుని దావూద్ సోమవారమే పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. ఎక్కడా ఆనవాలు మిగలకుండా బతకడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. ఇప్పుడు ఆనవాలు కావాల్సి వచ్చింది.

"శంకర్ బావా, మళ్లీ పాతపట్నం ఎల్లిపోవాలేటి?" అన్నాడు దావూద్ నన్ను గేటు దాకా దిగబెడుతూ. అరవై మూడేళ్ల మనిషి.

మర్నాడు పొద్దున్నే భ్రమరాంబ గారు స్వయంగా నా గదికి మెట్లెక్కి వచ్చారు. కొంగు ముడి విప్పి సైకిలు గంట నా టేబుల్ మీద పెట్టారు. "ఇది మీ దగ్గరుంచండి సాయిశంకర్ గారూ. అక్కడుంటే నా చెయ్యి ఊరుకోదు."

ఎనిమిదో రోజున, పన్నెండు కావస్తుండగా, యశస్విని నా గది ముందు స్కూటీ ఆపింది. ప్లాను గీసినవాడు కూడా ఉండాలట. గంట జేబులో వేసుకుని వెనక కూర్చున్నాను. గోతి వచ్చినప్పుడల్లా జేబులో అది ణంగుమంటుంటే ఆ పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

వీధి మొగ తిరగ్గానే కిటికీలో భ్రమరాంబ గారు కనిపించారు. రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని కూర్చున్నారు. మేం లోపలికి వెళ్లేదాకా ఆ చేతులు బయటికి తియ్యలేదు. పైన జమాలున్నీసా పప్పులోకి పోపు వేయిస్తోంది. పెరట్లో నూకాలు కానాగంత చేపల పులుసు పెడుతోంది. కింద భ్రమరాంబ గారి వంకాయ కూర. యశస్విని అన్నీ చూసి, కింద గదిలోకి వచ్చి నిలబడి పెన్ను నొక్కుకుంటూ ఉండిపోయింది.

"వండుతున్నారు, నిజమే. ఎనిమిది రోజులు టైమిస్తే ఎవరైనా వండి చూపించగలరాంటీ. ముందు నుంచీ ఉన్నారని నేనేం చూసి రాయాలి? నాకూ పైన అడిగేవాళ్లుంటారు."

నేను నోరు తెరిచాను. నాలుగు రూళ్లు చెబుదామనుకున్నాను. భ్రమరాంబ గారు లేచి నా వైపు చెయ్యి చాపారు.

"గంటివ్వండి."

ఇచ్చాను.

"వండటం ఎవరికైనా వచ్చునమ్మా. దాచడం మాకే వచ్చు. నీ ఫోనులో టైము చూసుకో" అని ఆ పిల్లతో అని, గంట అరచేతిలో పెట్టుకుని మూడుసార్లు కొట్టారు.

అన్నిసార్లు ఆ ఇంట్లో భోంచేశాను గానీ ఆ పని జరుగుతుండగా నేనూ ఎప్పుడూ చూడలేదు. పైన గ్యాసు కట్టేసిన చప్పుడు. అల్మారా తలుపులు ఒకదాని వెనక ఒకటి. కింద గది వెనక తలుపు తెరిచి ఉంది, మెట్లూ పెరడూ అక్కణ్నుంచే కనిపిస్తున్నాయి. జమాలున్నీసా వేడి గిన్నె కొంగుతో పట్టుకుని వెనక మెట్లు దిగింది. పైనుంచి నాలుగో మెట్టు కదులుతుంది, ఆమె కిందికి చూడకుండానే దాన్ని దాటేసి ఐదో మెట్టు మీద కాలు పెట్టింది. పెరట్లో నూకాలు స్టౌ దించుతూనే గ్యాసు పైపుని పాదంతో తొట్టి చాటుకి తోసింది. మూత, దాని మీద బట్టలు. ఇద్దరూ వంటింటి గుమ్మం దగ్గర ఒకేసారి చేరారు. నూకాలు ఆగింది, జమాలున్నీసా ముందు దూరింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గట్టు మీద ఎవరి గిన్నె చోటు వాళ్లకుంది, పప్పు కిటికీ వైపు, పులుసు గోడ వైపు, మధ్యలో వంకాయ. దావూద్ దిగివచ్చి పేపరు తీసి, ఆ ఇంట్లో పుట్టినవాడిలా కుర్చీలో కూర్చున్నాడు. భ్రమరాంబ గారు సాంబ్రాణి వేశారు.

యశస్విని పొగకి దగ్గుతూ ఫోను చూసుకుంది. ఒక నిమిషం యాభై సెకన్లు.

పైకి వెళ్లింది, చూసింది. అద్దం మీద తువ్వాలు. పెరట్లోకి వెళ్లింది. తడిబట్టలు. తిరిగి వచ్చి గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే ఫైలు కింద పెట్టాల్సి వచ్చింది.

"ఇది ఎనిమిది రోజుల్లో వచ్చేది కాదాంటీ" అంది కళ్లు తుడుచుకుని. "నాలుగో మెట్టు చూడకుండా దాటారు కదా, ఆవిడ. ఎన్నేళ్లు దిగితే వస్తుందది? సరే, మళ్లీ అన్నీ తెరవండి, ఫొటోలు తీసుకోవాలి."

అక్కడ చిక్కొచ్చింది. దాచడానికి రెండు నిమిషాలు పట్టనివాళ్లకి తెరవడానికి పావుగంట పట్టింది. తొందరగా తెరవాల్సిన అవసరం వాళ్లకి ఎప్పుడూ రాలేదు మరి. నూకాలు తన లైటరు దొరక్క తొట్టి అంతా తవ్వింది.

వంటగదులు: మూడు. కుటుంబాలు: మూడు. ఒక్కో వంటింటికి యజమానురాలి పేరు అడిగింది యశస్విని. జమాలున్నీసా తన పేరు తనే రాసింది, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఒకటి చాలని ఎవరూ అనలేదు. నూకాలు వేలిముద్ర వేసి, ఆ వేలు కడుక్కోకుండా సాయంత్రం దాకా తిరిగింది.

"భోంచేసి వెళ్లమ్మా" అన్నారు భ్రమరాంబ గారు.

"డ్యూటీలో తినకూడదాంటీ."

"తింటే రాసింది మారుతుందా?"

"మారదు."

"ఆయ్, మరింకేం. కూర్చో."

నెల తిరిగేసరికి నంబర్లు వచ్చాయి. నలభై ఒకటి బై ఒకటి, బై రెండు, బై మూడు. గోడకి మూడు మీటర్లు. జమాలున్నీసా కిటికీ బార్లా తెరిచి పెట్టిన మొదటి పోపుకి ఎదురింటాయన నిజంగానే తుమ్మాడు. దావూద్ అల్మారా తలుపులు విప్పేసి, ఆ చెక్కతో మూడు పేర్ల బోర్డు చేసి గేటుకి బిగించాడు. అద్దం నూకాలు తీసుకుంది. అంతా బాగుందని నేను నా పనుల్లో పడిపోయాను.

మీటర్ల కాగితాలు ఇవ్వడానికి మొన్న వెళ్లాను. పదకొండున్నర అయింది. ఇంట్లో చప్పుడు లేదు. పైన ఎవరి వంట వాళ్లది, పెరట్లో ఎవరి వంట వాళ్లది. భ్రమరాంబ గారు కిటికీ దగ్గర కూర్చుని ఖాళీ ఊచ మీద చెయ్యి వేసుకుని ఉన్నారు. కాగితాలు తీసుకుని చూడకుండానే పక్కన పెట్టారు.

"అంతా బాగానే ఉందండి" అన్నారు. "కానీ నెలయింది, ఒక్కసారి కూడా అందరం కూర్చుని తినలేదు. కొరియరు వాడొస్తున్నాడు, ఇచ్చి పోతున్నాడు. ఇన్నేళ్లూ ఒకటే కుటుంబమండి, ఒకటే కుటుంబమండి అని అబద్ధం చెబుతున్నాననుకున్నాను." లేచి బీరువాలోంచి సైకిలు గంట తీసి నా చేతికిచ్చారు. "కాస్త బిగించి పెట్టండి. నా వేళ్లకి మర తిరగట్లేదు."

ఊచకి బిగించాను. ఆవిడ మంచం మీద సర్దుకుని కూర్చుని, వీధి వైపు చూడనైనా చూడకుండా మూడుసార్లు కొట్టారు.

పైన గ్యాసు కట్టేసిన చప్పుడు వినిపించింది. మెట్ల మీద అడుగులు. జమాలున్నీసా గిన్నెతో వచ్చేసింది, వెనకే చేతిలో గరిటెతో దావూద్. నూకాలు దాకతో గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడింది.

"ఎవలొచ్చినారు పిన్నీ? మళ్లీ ఏటైంది?"

"ఎవరూ రాలేదే. అందుకే కొట్టాను" అన్నారు భ్రమరాంబ గారు. "కూర్చోండి, వంకాయ వేడిగా ఉంది."

నూకాలు దాక గోడ వైపు పెట్టింది. జమాలున్నీసా గిన్నె కిటికీ వైపు పెట్టింది. నాకూ ఒక కంచం వేశారు.